4-3-3 అంటే ఏమిటి? మొరాకో జట్టు చూపించిన లెక్క

మ్యాచ్ మొదలయ్యే ముందు టీవీ తెర మీద 4-3-3, 4-4-2 అని అంకెలు కనిపిస్తాయి. వీటినే ఫార్మేషన్ అంటారు. గోల్‌కీపర్‌ని వదిలేసి మిగతా పదిమందిని వెనక నుంచి ముందుకి లెక్కపెడితే వచ్చే వరసలివి. 4-3-3 అంటే నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు.

అయితే ఆటంతా ఈ వరసలు ఇలాగే ఉండవు. బంతి తమ దగ్గరుంటే ఒకలా, ఎదుటి జట్టు దగ్గరుంటే ఇంకోలా మారతాయి. ఇప్పటి ఫుట్‌బాల్‌లో అసలు కిటుకు ఇక్కడే ఉంది. 2022 ఖతర్ వరల్డ్ కప్‌లో మొరాకో ఆటే దీనికి మంచి ఉదాహరణ.

కోచ్ వలీద్ రెగ్రాగీ బాధ్యతలు తీసుకున్నది ఆ ఏడాది ఆగస్టు ఆఖరున. టోర్నీకి మూడు నెలలు కూడా లేవు. కాగితం మీద ఆయన జట్టుది 4-3-3. బంతి పోగానే అటూ ఇటూ అంచుల్లో ఆడే ఇద్దరు ఫార్వర్డ్‌లు వెనక్కి వచ్చి మిడ్‌ఫీల్డ్ వరసలో కలిసేవారు. అప్పుడది 4-1-4-1 అయ్యేది. మధ్యలో మిగిలే ఆ ‘1’ సోఫియాన్ అమ్రాబత్. డిఫెన్స్ ముందు కాపలా అతని పని.

ప్రీక్వార్టర్స్‌లో స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఇచ్చింది. 120 నిమిషాలు ఆడినా గోల్ పడలేదు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ యాసిన్ బూనూ రెండు ఆపాడు, మొరాకో 3-0తో గెలిచింది. తర్వాత పోర్చుగల్‌ని 1-0తో ఓడించి, సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టు, మొదటి అరబ్ జట్టు అయింది. అప్పటిదాకా ఆ జట్టు మీద పడింది ఒక్కటే గోల్. అదీ కెనడా మీద సొంత డిఫెండర్ కాలికి తగిలి పడినదే.

ఈ ఆటలో వెలుగులోకి వచ్చిన మరో కుర్రాడు అజ్జెదీన్ ఔనాహి. 2021 దాకా ఫ్రాన్స్ మూడో డివిజన్‌లో ఆడాడు. స్పెయిన్ కోచ్‌కి అతని పేరు గుర్తులేదు, ‘8వ నంబర్’ అంటూనే మెచ్చుకున్నాడు.

సెమీస్‌లో ఫ్రాన్స్ మీద రెగ్రాగీ వరస మార్చి, వెనక ఐదుగురిని పెట్టాడు. ఐదో నిమిషంలోనే గోల్ పడింది. గాయాలతో ఉన్న కెప్టెన్ సాయిస్ కాసేపటికే బయటికి వెళ్లాడు, జట్టు మళ్లీ నలుగురు డిఫెండర్లకి మారింది. ఆ తర్వాత బంతి ఎక్కువసేపు మొరాకో దగ్గరే ఉన్నా 0-2తో ఓడింది. అలవాటైన వరస మారితే ఆ కాస్త తడబాటే చాలు.

గోల్ కొట్టినవాడి పేరు స్కోర్‌బోర్డు మీద పడుతుంది. అమ్రాబత్ లాంటివాళ్ల పని అక్కడ కనిపించదు. పిల్లలతో కూర్చుని మ్యాచ్ చూసేటప్పుడు ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి, బంతి లేని జట్టునే చూడాలి. ఆ అంకెల అర్థం అప్పుడే తెలుస్తుంది.