నరికిన నేలలో కలప పైరు: క్లెమన్స్ ట్రీ ఫార్మ్

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 20వ శతాబ్ది తొలి దశకాల్లో మానులు కొట్టి, నేలను వదిలేసి, మరో అడవికి తరలిపోవడమే కలప సంస్థల రివాజు. 1900లో కలప వ్యాపారి ఫ్రెడరిక్ వేర్‌హౌజర్ బృందం నార్తర్న్ పసిఫిక్ రైల్వే నుంచి ఎకరం 6 డాలర్ల చొప్పున 9 లక్షల ఎకరాలు కొన్నప్పుడు కూడా అందరి చూపూ మానుల మీదే. ఆదాయం లేని బీడుకు సైతం ఏటా ఆస్తిపన్ను కట్టవలసి ఉండడంతో చాలా సంస్థలు నరికిన భూములను బకాయిల కింద స్థానిక ప్రభుత్వాలకు వదులుకునేవి. ఏటి పన్నును తగ్గించి, అసలు భారాన్ని కలప కోతకు వచ్చే నాటికి జరిపిన 1931 నాటి చట్టంతో నేలను అట్టిపెట్టుకోవడం గిట్టుబాటయింది.

ఇక మిగిలింది నిప్పు భయం. నరికివేత తరువాత మిగిలే కొమ్మలూ రెమ్మలూ వేసవికి ఎండి, చిన్న నిప్పురవ్వకే అంటుకునేవి. 1941 జూన్‌లో మాంటెసానో సమీపాన వేర్‌హౌజర్ సంస్థ సుమారు 1,20,000 ఎకరాల్లో ప్రారంభించిన క్లెమన్స్ ట్రీ ఫార్మ్ (చెట్లను పైరుగా పెంచే క్షేత్రం) ఈ భయానికి సమాధానం. అడవి అంటే నిర్లక్ష్యం చూపే జనం పైరు అంటే జాగ్రత్త పడతారన్న ఆలోచన ఆ పేరులోనే ఉంది. అక్కడి ప్రధాన వృక్షమైన డగ్లస్ ఫర్ విత్తనానికి ఒకే రెక్క ఉంటుంది. అది గాలికి గిరగిర తిరుగుతూ దూరంగా పడి, ఎండ తగిలే నేలలో బాగా మొలుస్తుంది. అందుకే నరికిన చోట్ల మధ్య విత్తనపు చెట్లను గుంపులుగా నిలిపేవారు. ఇలా అడవిని మళ్లీ మొలిపిస్తూ, పెరిగే కలపకు మించి నరకకూడదన్న సూత్రమే నిలకడ దిగుబడి.

మంటలార్పే బండ్లకూ కలప లారీలకూ వేసిన దారులే క్రమంగా వేటగాళ్లకూ, అడవిపండ్లు ఏరేవారికీ, కాలినడకన తిరిగేవారికీ బాటలయ్యాయి. ఉచితంగా ప్రవేశమిచ్చే యజమానిపై ప్రమాదాల బాధ్యతను పరిమితం చేసిన 1967 చట్టం వీటికి ఊతమిచ్చింది. అయితే 2010ల నాటికి పెద్ద కలప సంస్థలు పలుచోట్ల ప్రవేశానికి రుసుము పెట్టాయి. నిలకడ దిగుబడి కలపకు భరోసా ఇచ్చింది గాని, బాటసారికి హక్కు ఇవ్వలేదు. సంస్థ భూమిలోని బాట నేటికీ యజమాని అనుమతి మీదే సాగుతోంది.