ఆలస్యంగా ముదిరిన నీలం

పిడుగురాళ్ల సున్నం బట్టీల ఊరు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు తీసుకుని దాదాపు 900 డిగ్రీల వేడిలో పూర్తిగా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతాయి. కాలుతున్న రాయిని గంటగంటకూ తూచి, ఆ తూకాలను కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే రాయి ఏ వేగంతో మారుతోందో కంటికి కనిపిస్తుంది.

అదే ఊళ్లో లివరు పరీక్ష చేయించుకున్నవారి రిపోర్టు చూడండి. ‘ఆల్కలైన్ ఫాస్ఫటేజ్’ అనే ఎంజైము పేరు, పక్కన లీటరుకు ఇన్ని యూనిట్లు అని ఒక అంకె. ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగల ఎంజైము. ఇదీ వేగం లెక్కే. బట్టీకి అంత మంట కావాలి, ఎంజైముకు 37 డిగ్రీల ఒంటి వేడి చాలు.

ఎంజైము వేగాన్ని శాస్త్రంగా కట్టుదిట్టం చేసింది 1913లో బెర్లిన్‌లో లియోనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్. ఈస్టులోని ఇన్వర్టేజ్ అనే ఎంజైము చెరకు పంచదారను విడగొడుతుంటే వాళ్లు నిమిషాల లెక్కన కొలుస్తూ పోయారు. గ్రాఫు మొదట నిటారుగా లేచి, తర్వాత వంగి, చివరికి చదునవుతుంది. పంచదార తరిగిపోవడం, పుట్టిన పదార్థమే ఎంజైముకు అడ్డుపడడం దానికి కారణాలు. అందుకే వాళ్లు మొదటి వాలునే నమ్మారు. ఉదాహరణకు ఫాస్ఫేటును విడగొట్టే ఎంజైము ఉన్న ఒక గొట్టంలో 5 నిమిషాలకు 20 మైక్రోగ్రాముల ఫాస్ఫరస్ విడుదలైంది, 10 నిమిషాలకు 36, 40 నిమిషాలకు 70 అనుకుందాం. 70ని 40తో భాగిస్తే నిమిషానికి 1.75 వస్తుంది. మొదటి 5 నిమిషాలే తీసుకుంటే 4. ఎంజైము అసలు సత్తా ఈ 4లోనే ఉంది.

ఇంతకీ ఆ 20, 36 అనే అంకెలు ఎక్కడినుంచి రావాలి? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇక్కడే కథలోకి వస్తాడు. మద్రాసులో వైద్యం చదివి బోస్టన్ చేరిన ఆయన, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ ఫాస్ఫేటుతో జతకడుతుంది. దానికి ఇంకో రసాయనం చేర్చగానే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన.

ఆ నీలాన్ని కొలిచింది కన్నే. కలరీమీటరు కంటికటకంలో ఒక గుండ్రం, సగం తెలిసిన ద్రావణానిది, సగం తెలియనిదానిది. రెండు సగాలూ ఒకే రంగులో కలిసిపోయేదాకా ద్రావణాల లోతు మారుస్తూ పోవాలి. తెలిసినది 20 మిల్లీమీటర్ల దగ్గర, తెలియనిది 16 దగ్గర సరిపోతే, తెలియనిది ఒకటింపావు రెట్లు చిక్కన అన్నమాట. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి!

ఆ ఓపికకే పెద్ద ఫలం దక్కింది. మామూలు ఫాస్ఫేటుకు రంగు త్వరగా తేలి నిలుస్తుంది. పిల్లి కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం నీలం ఒక్కసారిగా రాలేదు, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. ఇంకొకరైతే మందు సరిగా కలపలేదనుకుని పారబోసేవారేమో. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేటు చాలావరకు విడిగా లేదు, క్రియేటిన్‌ను అంటిపెట్టుకుని ఉంది, ఆమ్లంలో మెల్లమెల్లగా విడిపోతోంది. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అలా బయటపడింది. కండరం పనిచేసేటప్పుడు అది విరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ కూడుతుంది. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ ఈ పదార్థాన్ని వేరే దారిలో గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఫాస్ఫేట్లు ఉన్న, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కూడా వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ చేసిందీ ఆ ఏడే.

తర్వాత దశాబ్దాల పాటు ఏటీపీని విడగొట్టే ఎంజైముల వేగం తెలియాలంటే చాలా ల్యాబుల్లో ఈ నీలమే దిక్కు. నిర్ణీత నిమిషాలకు ఒక్కో గొట్టంలో ఆమ్లం పోసి ఎంజైమును ఆపేయడం, రంగు తేల్చడం, చుక్క పెట్టడం. సుబ్బారావు పేరు చెప్పగానే ఆయన తర్వాత కృషి చేసిన మందులే గుర్తొస్తాయి గానీ, ఎంజైముల లెక్కలు నేర్చుకునే పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఈ నీలం గురించే.

ఇప్పటి యంత్రాలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కు మాలిబ్డేట్ వాడవు. రంగులేని పదార్థాన్ని ఎంజైము విడగొడితే పసుపు పుడుతుంది. 405 నానోమీటర్ల కాంతిలో ఆ పసుపు ముదిరే వేగాన్ని యంత్రమే కొలిచి, గ్రాఫు తిన్నగా ఉన్నంతవరకే తీసుకుని, నిమిషానికి ఇంత అని రిపోర్టులో అంకె వేస్తుంది.