రిజిస్టరుకెక్కని పని: ఎదుగుదల వైకల్యాల సేవారంగంలో ఆయాల గుర్తింపు

1992 నాటి భారత పునరావాస మండలి చట్టం పదహారు రకాల వృత్తులవారిని పునరావాస నిపుణులుగా గుర్తించింది. క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ టీచర్లు, స్పీచ్ థెరపిస్టులు సరే, వినికిడి యంత్రానికి చెవి అచ్చు పోసే టెక్నీషియనూ వర్క్‌షాపు మేనేజరూ కూడా ఆ జాబితాలో ఉన్నారు. రోజంతా పిల్లవాడి పక్కనే ఉండే ఆయా మాత్రం లేదు. దేన్ని నైపుణ్యం అనుకున్నారో, దేన్ని ఎవరైనా చేయగల పని అనుకున్నారో ఆ జాబితాను చూస్తే తెలిసిపోతుంది. ఈ వ్యాసం పరిశీలించేది ఆ ఖాళీనే.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్నవారికి స్పెషల్ స్కూళ్లలో, డే కేర్ సెంటర్లలో, హాస్టళ్లలో, ఇళ్లలో జీతానికి రోజువారీ సాయం చేసేవారందరినీ ఇక్కడ 'ఆయాలు' అంటున్నాను. మగవాళ్లను అటెండర్లంటారు. ఇళ్లలో కుదిరినవారిని కేర్‌టేకర్లనడం నగరాల్లో అలవాటయింది. 2011 జనగణన మేధో వైకల్యం ఉన్నవారిని 15 లక్షలకు పైగా లెక్కగట్టింది. వారిని చూసుకునేవారికి మాత్రం సొంత గడి లేదు. మన 2015 జాతీయ వృత్తుల వర్గీకరణ అంతర్జాతీయ కార్మిక సంస్థ చట్రాన్ని అనుసరించింది. ఆ చట్రంలో ఇళ్లలో వ్యక్తిగత సంరక్షణ చేసేవారంతా 5322 అనే ఒక్క సంఖ్య కిందికి వస్తారు. మంచం పట్టిన పెద్దాయనకు పక్క మార్చేవారూ, ఆటిజం ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాడితో సిటీ బస్సెక్కేవారూ ఒకే లెక్కలో పడతారు.

ఈ పనిలో నైపుణ్యం ఏముందనే ప్రశ్న తరచూ వినిపిస్తుంది కాబట్టి ఒక్క పని దగ్గర ఆగి చూద్దాం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపకు అన్నం పెట్టాలి. నడుము కుర్చీ వెనక్కి ఆనాలి, పాదాలు నేలకో పీటకో తగలాలి. తల వెనక్కి వాలితే మెతుకు ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది కనుక గడ్డం కాస్త కిందికి ఉండాలి. స్పూను ఎదురుగా, కింది నుంచి రావాలి. పలుచటి చారు కంటే చిక్కగా మెదిపిన పప్పన్నం ఇలాంటి పిల్లల్లో చాలామందికి మింగడం తేలిక. సగం స్పూను పెట్టి, గొంతు కదిలేదాకా ఆగాలి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. ఇందులో కష్టమైన విద్య ఆగడమే. పక్కన మరో నలుగురు ఆకలితో ఏడుస్తుంటే ఆగడం మరీ కష్టం. పాప ఇవాళ రోజూ కంటే నెమ్మదిగా మింగుతోందంటే జలుబు చేసిందో, రాత్రి ఫిట్స్ వచ్చాయో, మాత్ర మారిందో అయి ఉంటుంది. అది అందరికంటే ముందు కనిపెట్టేది ఆయాయే.

ఈ తెలివిడి ఎక్కడ నమోదవుతుంది? మన స్పెషల్ స్కూళ్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అనే అంచనా పట్టికలో 18 రంగాలకు చెందిన 360 అంశాలున్నాయి. తినడం, బట్టలు వేసుకోవడం, శుభ్రత లాంటివన్నీ అందులోకి వస్తాయి. పట్టిక నింపే బాధ్యత స్పెషల్ ఎడ్యుకేటర్‌ది. ఆ నింపే వేళ మాట ఇలా సాగుతుంది. "ఆయమ్మా, బాబు గ్లాసు తనే పట్టుకుంటున్నాడా?" "పట్టుకుంటాడు మేడం, స్టీలు గ్లాసయితేనే. ప్లాస్టిక్‌ది నొక్కేసి ఒలకబోసుకుంటాడు." పట్టికలోకి 'అవును' ఎక్కుతుంది. స్టీలు గ్లాసు ఆయమ్మ దగ్గరే ఉండిపోతుంది. జీతం చాలక ఆమె మానేసిన రోజున ఆ సమాచారమూ ఆమెతోనే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చినావిడ అదంతా మొదటి నుంచి కనుక్కోవాలి, ఈలోగా బాబు చొక్కా తడుస్తూనే ఉంటుంది. పట్టికలోని సమాచారం ఆయాది, కింద సంతకం ఎడ్యుకేటర్‌ది. నాకు తెలిసిన ఎడ్యుకేటర్లలో నిజాయితీగలవారు ఈ మాట తామే ఒప్పుకుంటారు.

పునరావాస మండలి చట్టం రిజిస్టరు పెట్టడానికి తగిన కారణమే ఉంది. చదువు లేకుండా 'థెరపీ' పేరుతో తల్లిదండ్రులను దోచుకునేవారిని అడ్డుకోవాలి. అందుకే 13వ సెక్షన్, గుర్తింపు పొందిన అర్హత ఉండి రిజిస్టరులో పేరున్నవారు తప్ప మరొకరు పునరావాస నిపుణులుగా పనిచేయరాదంటుంది. మీరితే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఇప్పుడు జడిసేవారెవరూ లేరన్నది వేరే సంగతి. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఇది తలుపు వేసి ఇచ్చే గుర్తింపు. ఆయాలను పదిహేడో రకంగా ఈ జాబితాలోనే చేర్చమన్న వాదన వినడానికి బాగుంటుంది. కానీ అదే జరిగితే పదో తరగతి దాకా చదవని, పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆయమ్మ మర్నాటి నుంచి నేరస్థురాలవుతుంది.

తర్వాతి చట్టాలు మరో దారి పట్టాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకులకు నిర్వచనం ఇచ్చింది. డబ్బు తీసుకుని గానీ తీసుకోకుండా గానీ వైకల్యం ఉన్న వ్యక్తికి సాయం చేసే ఎవరైనా, తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులతో సహా, సంరక్షకులే. తల్లి కష్టం చట్టం కంటపడటం నిస్సందేహంగా మేలే. కానీ కన్నతల్లినీ జీతగత్తెనూ ఒకే మాట కింద చేర్చడంతో ఇద్దరి అవసరాలూ కలగాపులగమయ్యాయి. తల్లికి కావలసింది భత్యం, విశ్రాంతి, తన తర్వాత బిడ్డను ఎవరు చూస్తారన్న బెంగకు జవాబు. పనిచేసే మనిషికి కావలసింది వేతనం, పని గంటలు, గ్రాట్యుటీ, నడుము నొప్పికి వైద్యం. 24వ సెక్షన్‌లో సంరక్షణ భత్యం ప్రస్తావన ఉంది, అది కూడా అధిక సాయం అవసరమైనవారికే, ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి. వేతనం ఊసు లేదు.

రాష్ట్రాల్లోనూ ఇదే తీరు. కేరళ 'ఆశ్వాసకిరణం' పథకం సంరక్షకులకు నెలకు 600 రూపాయలిస్తుంది. మొత్తం చిన్నదే అయినా అది చూసుకునే మనిషి పేరున వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 అయింది. పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు. ఇవి వికలాంగుల హక్కు, వారి పేరునే ఉండాలి. అయితే ఆ డబ్బులోంచే ఆయా జీతం కూడా కట్టుకోవాలంటే ఒకరి హక్కును మరొకరి హక్కు తినేసినట్టే.

శిక్షణ విషయంలో జరిగినది తక్కువేం కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన మేధో వైకల్యాల జాతీయ సంస్థ, 2016లో పేరు మారినా బోయినపల్లి చుట్టుపక్కల ఇంకా ఎన్.ఐ.ఎం.హెచ్. గానే తెలిసినది, ఈ రంగానికి దశాబ్దాలుగా మనుషులను తయారుచేస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ 'సహయోగి' పేరుతో సంరక్షకుల శిక్షణ తెచ్చింది. 2021 మేలో పునరావాస మండలి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన ఆరు నెలల కోర్సు మొదలైంది. అది పూర్తిచేసినవారిని 'దివ్యాంగ మిత్ర' అన్నారు. పేరు బాగుంది. సర్టిఫికెట్ చేతికొస్తుంది, దానికి తగిన పోస్టు ఎదురుగా ఉండదు.

పోస్టు, వేతనం ఎలా వస్తాయన్న దానికి అంగన్‌వాడీల చరిత్ర మంచి ఆధారం. వారివి సివిల్ పోస్టులు కావని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో అదే కోర్టు వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని తేల్చింది. నడుమ జరిగిన మార్పు ఏమిటి? 2013 ఆహార భద్రత చట్టం అంగన్‌వాడీ కేంద్రాలకు కచ్చితమైన విధులు అప్పగించింది. విధి చట్టంలోకి ఎక్కాక, గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదని కోర్టు చెప్పగలిగింది. మన డే కేర్ సెంటర్లలో ఆయాకు ఇచ్చేదీ చాలాచోట్ల 'గౌరవ వేతనమే'. ఆమె చేయాల్సిన విధులను ఏ చట్టమూ రాయలేదు కాబట్టి ఆ వాదన ఆమెకు ఇంకా అందుబాటులోకి రాలేదు. ఇళ్లలో పనిచేసేవారి పరిస్థితి ఇంకా వెనుక ఉంది. ఇంటిపనివారికి చట్టపరమైన రక్షణను పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో అజయ్ మాలిక్ కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఇళ్లలోని కేర్‌టేకర్ల సంగతి కూడా ఆ గొడుగు కిందికి రావలసిందే.

అమెరికాలో ఈ పోరాటం వృత్తి సంకేత సంఖ్య చుట్టూ తిరుగుతోంది. అక్కడ వీరిని డైరెక్ట్ సపోర్ట్ ప్రొఫెషనల్స్ అంటారు. ఏటా సెప్టెంబరులో వారి పేరున ఒక వారం జరుపుతారు. అయినా 2018 వృత్తుల వర్గీకరణలో వారికి విడిగా సంఖ్య దక్కలేదు. అది ఇవ్వాలని సెనేటర్లు మ్యాగీ హాసన్, సూజన్ కాలిన్స్ బిల్లు తెచ్చారు. సన్మాన వారం ఉన్నా సంఖ్య కోసం ఎందుకు పట్టుబడుతున్నారంటే, విడిగా లెక్కించని పనికి విడిగా వేతన సర్వే ఉండదు, సర్వే లేనిదే రేటు పెంచమని అడగడానికి ఆధారం ఉండదు.

మన దగ్గర కుటుంబ సంరక్షకులకు భత్యం ఒక దారి, జీతానికి పనిచేసేవారికి వృత్తి హోదా మరో దారి కావాలి. రెండోదానికి పునరావాస మండలి పక్కనే వేరే నమోదు పుస్తకం పెట్టవచ్చు. అందులో పేరు లేకపోవడం నేరం కాకూడదు, ఉండటం మాత్రం లాభం కావాలి. చదువు బదులు చేసిన పనిని చూసి, అన్నం పెట్టడం, ఫిట్స్ వచ్చినప్పుడు సమయం చూసి రాయడం, ఆడపిల్లకు నెలసరి శుభ్రత మెట్టుమెట్టుగా నేర్పడం వంటివాటిని పరీక్షించి మెట్లు నిర్ణయించాలి. పోలీసు వెరిఫికేషనూ అక్కడే జరగాలి. మాట చెప్పలేని పిల్లలున్న చోట జవాబుదారీతనం కూడా గుర్తింపులో భాగమే, ఆయాల తరఫున మాట్లాడేవారు దీన్ని దాటవేయడం మంచిది కాదు.

డబ్బు సంగతికొస్తే, స్పెషల్ స్కూళ్లు నడిపే స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం దీనదయాళ్ దివ్యాంగజన్ పునరావాస పథకం కింద గ్రాంటిస్తుంది. సిబ్బందికి ఎంత గౌరవ వేతనమో కూడా ఆ పథకమే నిర్ణయిస్తుంది. ఆ మొత్తాన్ని ఒక్కో రాష్ట్రంలోని కనీస వేతనానికి ముడిపెట్టడానికీ, అంచనా పట్టికలో ఎడ్యుకేటర్ సంతకం పక్కన ఆయా పరిశీలనకూ సంతకానికీ ఒక గడి చేర్చడానికీ పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. శాఖాపరమైన ఉత్తర్వు చాలు.