భోజనాల బల్ల మీద రాసిన హత్యలు

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక నాకు దొరికే గంటలో చదివేది ఎక్కువగా అగాథా క్రిస్టీ నవలలే. "ఎప్పుడూ ఆ హత్యల పుస్తకాలేనా?" అంటారు మావారు. ఈ మధ్య ఆవిడ ఆత్మకథ చదివాక, ఆ నవలలకన్నా వాటిని రాసిన ఇల్లాలి కథే మనసులో నిలిచిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. భర్త ఆర్చీ యుద్ధంలో ఉన్నాడు. ఆవిడ సొంతూరు టార్కీ ఆసుపత్రిలో ముందు నర్సుగా, తర్వాత మందులు కలిపే గదిలో పనిచేసింది. అల్మారాల నిండా విషాలు! డిటెక్టివ్ కథ రాయడం నీవల్ల కాదని అక్క మాడ్జ్ అన్నమాట గుర్తుండనే ఉంది. ఇంకేం, కథ అల్లడం మొదలుపెట్టింది. బెల్జియం నుంచి కాందిశీకులు ఆ ఊరికి వచ్చి ఉన్నారు. అలా ఆవిడ డిటెక్టివ్ పొయిరో బెల్జియం వాడయ్యాడు.

ఆ నవల చాలా చోట్లనుంచి తిరిగొచ్చింది. చివరికి 1920లో అమెరికాలో, మరుసటి ఏడు ఇంగ్లండులో వెలువడింది. చేతికొచ్చింది 25 పౌండ్లు. పైగా ఇంకో ఐదు నవలలు వాళ్ళకే ఇవ్వాలని ఒప్పందం!

పేరొచ్చాక కూడా ఫారాల్లో వృత్తి అన్నచోట "వివాహిత" అనే రాసేదట. రాసుకోవడానికంటూ ఒక గది లేదు. మధ్యాహ్నం భోజనాలకీ రాత్రి భోజనాలకీ మధ్య ఖాళీగా ఉండే భోజనాల బల్ల, లేకపోతే పడకగదిలో పాలరాతి బల్ల. మీరు రాసుకునే చోట ఫొటో తీస్తామని విలేకరులు అడిగితే ఏం చూపించాలో తెలిసేది కాదట.

1926లో తల్లి పోయింది. ఆ దుఃఖం తీరకముందే, ఇంకొకామెను ప్రేమించానని, విడాకులు కావాలని భర్త అన్నాడు. డిసెంబరులో ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళి 11 రోజులు ఎవరికీ కనబడలేదు. దాని మీద లోకం ఎన్ని కథలు అల్లిందో! ఆవిడ మాత్రం ఆత్మకథలో ఆ ఊసే ఎత్తలేదు.

నన్ను కదిలించింది ఆ తర్వాతి ఏడు. ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని కానరీ దీవులకు వెళ్ళి, 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రైన్' రాస్తూ కూర్చుంది. రాయాలని లేదు, రాస్తున్నది నచ్చనూ లేదు. కానీ డబ్బు కావాలి. రాసింది. సరదాగా రాసే తను వృత్తిగా రాసే మనిషిగా మారింది అప్పుడేనని ఆవిడే చెప్పుకుంది.

మనసు బాగోలేదని మనం మాత్రం పొయ్యి వెలిగించకుండా ఉంటామా? మొన్న మా అమ్మాయి బడి ఫారంలో "తల్లి వృత్తి" దగ్గర నా పెన్ను ఆగింది. ప్రతి ఏడూ అక్కడ "ఏమీ లేదు" అని రాసేదాన్ని. ఈసారి "గృహిణి" అని రాశాను, కాస్త పెద్ద అక్షరాలతోనే.