రోము నగరంలో గడ్డపు గంగ

గంగ అనగానే మన కళ్ళముందు నిలిచేది మకరవాహనం మీది తల్లి. రోములోని పియాజా నవోనా అనే చౌకులో మాత్రం గంగ గడ్డం పెంచిన పురుషుడు! చేతిలో పొడవాటి తెడ్డు పట్టుకొని రాతిగుట్టకు ఒరిగి కూర్చుంటాడు. ఆ ఛాయాచిత్రం చూసి మొదట నవ్వుకున్నాను. కారణం లాటిన్ భాషలో ఉంది. అందులో గంగ పేరు పుంలింగం. పైగా నదిని గడ్డపు దేవుడిగా మలచడం ప్రాచీన రోమను శిల్పుల ఆచారం. తెడ్డేమో, ఈ నదిలో పడవలు సాగుతాయనడానికి గుర్తు.

పోపు పదవ ఇన్నోసెంటు కోసం బెర్నీని రూపకల్పన చేసిన "నాలుగు నదుల ఫౌంటెన్" ఇది. 1648లో మొదలై 1651లో పూర్తయింది. ఐరోపాకు డాన్యూబు, ఆఫ్రికాకు నైలు, ఆసియాకు గంగ, అమెరికాకు ప్లాటా ప్రతినిధులు. నైలు ముఖంపై ముసుగు ఉంటుంది. ఎదుట బొరొమీని కట్టిన చర్చిని చూడలేకే ఆ ముసుగని ఒక చమత్కారపు కథ ప్రచారంలో ఉంది. కాని ఆ చర్చికి పునాది పడింది 1652లో, అంటే ఫౌంటెన్ పూర్తయ్యాక! నైలు పుట్టుక ఎక్కడో నాటివారికి తెలియదు; ముసుగు అందుకే.

నదుల నడుమ నిలిచిన ఏకశిలాస్తంభం రోము చక్రవర్తి డొమీషియను (క్రీ.శ. 81–96) చెక్కించినది. ఊరి వెలుపల ముక్కలై పడివున్నదాన్ని తెచ్చి నిలబెట్టారు. దాని కొసన ఆలివ్ కొమ్మ పట్టిన పావురం పోపుగారి పాంఫీలీ వంశచిహ్నం. చౌకులోనే ఆ వంశం వారి భవనం కూడా ఉంది. అంటే నాలుగు ఖండాల నదులూ ఒక కుటుంబం వాకిట కొలువు తీరాయన్నమాట.

ఆ కొలువుకు ఖర్చు పెట్టినదెవరు? అవి పంటలు పోయి తిండికి కటకటలాడిన రోజులు. పన్నుల బరువు రొట్టె మీద కూడా పడింది. మాకు కావలసినది రొట్టె గాని రాతిస్తంభాలు కావంటూ పేరులేని వ్యంగ్యపత్రాలు వెలిశాయి.

అయితే 1652 నుండి 1866 దాకా ఆగస్టు నెల శని, ఆదివారాలలో ఫౌంటెన్ల నీరు బయటకు పోకుండా అడ్డుకట్టి చౌకునంతా చెరువు చేసేవారు. ధనికులు బండ్లు తోలుతూ, పేదపిల్లలు కేరింతలు కొడుతూ ఆ నీళ్ళలో ఆడేవారు. రొట్టెపన్ను కట్టినవారి మనుమలకు దక్కిన వడ్డీ అదేనేమో!

బెర్నీని ప్రతిభకు చేతులు జోడిస్తాను. కాని ఆ శిల్పాన్ని తలచినప్పుడల్లా, పేరు రాసుకోలేని ఆ పత్రకర్తలూ గుర్తుకొస్తారు. చరిత్రలో వారికీ ఒక పంక్తి దక్కాలి.