ప్రమాదంలో దాగిన మత్తు

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. ఏటా వానాకాలంలో వినే ఈ 'ప్రమాదం' అనే మాటకు సంస్కృతంలో అసలు అర్థం ఆపద కాదు, ఏమరుపాటు.

దీని ధాతువు 'మద్'. మదం, ఉన్మాదం, మనం రోజూ వాడే మత్తు, అన్నీ ఆ ఇంటివే. ఒళ్లు మరచినవాడు ప్రమత్తుడు, మరవనివాడు అప్రమత్తుడు. పాలి భాషలోని బౌద్ధ గ్రంథం ధమ్మపదంలో రెండో అధ్యాయం పేరు అప్పమాద వగ్గం. అంటే ఏమరుపాటు లేకపోవడం గురించిన అధ్యాయం.

తెలుగులో కారణం పేరే ఫలితానికి అంటుకుంది. ఏమరుపాటు వల్ల వచ్చిన కీడే ప్రమాదమైంది. ఇంకా రాని కీడును కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నాం. చిత్రమేమిటంటే 'ప్రమాదవశాత్తు' అని రాస్తే ఇవాళ ఎవరి తప్పూ లేదని అర్థం! మూలంలో చూస్తే అది తప్పు ఒప్పుకోవడమే.

విపత్తుల ముప్పును లెక్కగట్టేవాళ్లు వరద ఎంత వస్తుందని మాత్రమే చూడరు. దాని దారిలో ఎవరున్నారు, గట్టు ఎంత బలంగా ఉంది, కబురు ఎంత ముందుగా అందుతుంది అనీ చూస్తారు. నీరు ప్రకృతిది, మిగిలినవన్నీ మన జాగ్రత్తకు సంబంధించినవి. పాత అర్థం ఇక్కడ చక్కగా అతుకుతుందని నాకనిపిస్తుంది.

ఆ నీరు ఎంతవరకు రాగలదంటే, 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో హెచ్చరిక దాటి మరో 22 అడుగుల పైచిలుకు.