ఫ్లాపీ డ్రైవ్ సంగీతం

వాడుకలో లేని ఫ్లాపీ డ్రైవ్‌లలోని మోటార్ల చప్పుడును స్వరాలుగా మలిచే అభిరుచి ఎలక్ట్రానిక్స్ ప్రక్రియ.

పనితీరు: 3.5 అంగుళాల డ్రైవ్‌లో డిస్కును చదివే హెడ్‌ను ఒక స్టెప్పర్ మోటారు 80 ట్రాక్‌ల మీదుగా అంచెలంచెలుగా జరుపుతుంది. ప్రతి అంచెకూ చిన్న చప్పుడు పుడుతుంది. సెకనుకు 440 అంచెలు పడితే ఆ చప్పుళ్లన్నీ కలిసి 440 హెర్ట్జ్ స్వరంగా వినిపిస్తాయి. మోటారును అంచెలంచెలుగా కదిలించే విద్యుత్ పల్స్‌ల వేగం మారిస్తే స్వర స్థాయి మారుతుంది. హెడ్ చివరికి చేరేలోగా దిశను తిప్పుతూ ఉండాలి.

అనుసంధానం: 34 పిన్నుల కనెక్టర్‌లో 18వ పిన్ను దిశను, 20వ పిన్ను అంచెను నియంత్రిస్తాయి. బేసి సంఖ్య పిన్నులు సాధారణంగా గ్రౌండ్. పీసీ డ్రైవ్‌ను పనిలోకి దించడానికి సాధారణంగా 12వ పిన్నును గ్రౌండ్‌కు కలుపుతారు. సంకేతాలను ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డు పంపుతుంది. డ్రైవ్‌కు 5 వోల్టుల విద్యుత్తును మాత్రం విడి సప్లై నుంచి ఇవ్వడం మేలు.

ప్రసిద్ధ ఉదాహరణ: పోలండ్‌కు చెందిన పావెవ్ జద్రోజ్నియాక్ 2011లో రెండు డ్రైవ్‌లతో మొదలుపెట్టి, ‘ఫ్లాపోట్రాన్’ పేరుతో వాద్యబృందాన్నే తయారుచేశారు. 2022 నాటి మూడో రూపంలో 512 ఫ్లాపీ డ్రైవ్‌లు, 16 హార్డ్ డిస్కులు, 4 స్కానర్లు ఉన్నాయి.